ఉపవాసం ఉన్నవాళ్ళ రక్తం

ముప్పై మూడేళ్ళు నేను మనుషుల చేతుల్లోంచి రక్తం తీశాను. మొదటి సగం జగ్గయ్యపేటలో అందరూ పెద్ద డాక్టరు గారనే ఆయన దగ్గర, మిగతా సగం నందిగామలో ఇంకో డాక్టరు గారి దగ్గర. ల్యాబ్ టెక్నీషియన్‌ని. చేరిన కొత్తలో గాజు గొట్టంలో రంగు ఎంత ముదిరిందో చూసి లెక్క కట్టేవాళ్ళం. మానేసే నాటికి మెషిన్ దానంతట అది కాగితం ఇచ్చేది, చించి కవర్లో పెట్టడమే నా పని. పని తేలికయిందని అందరూ అనేవారు. నాకు అలా అనిపించలేదు. ఎందుకో ఇక్కడ రాస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొస్తే సంతోషం.

ల్యాబులో చూసినవన్నీ రాయను. ఉపవాసాల గురించి మాత్రం రాస్తాను. మా వైపు ఏడాదిలో ఏ నెల తీసుకున్నా ఎవరో ఒకరు ఉపవాసం ఉంటారు. కార్తీకం, ధనుర్మాసం, శివరాత్రి, ఏకాదశులు, రంజాన్, ఈస్టరు ముందు నలభై రోజులు. సోమవారం ఒకరు, శనివారం ఒకరు. వీళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు నా ముందు కూర్చుని చెయ్యి చాపినవాళ్ళే. వాళ్ళ దగ్గరే నేను ఎక్కువ నేర్చుకున్నాను, ఎక్కువ తప్పులూ చేశాను.

ఏమేం నోట్లో పెట్టుకున్నారు

జగ్గయ్యపేటలో చేరిన మొదటి ఏడు. ఒక సోమవారం పొద్దున్న ఒకావిడ కొలెస్ట్రాల్ పరీక్షకి వచ్చింది. దానికి పరగడుపున రావాలి.

"ఏమన్నా తిన్నారా?" అన్నాను.

"లేదమ్మా, ఉపవాసం," అంది.

రక్తం తీసి, గొట్టాన్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పాను. పైన తేరిన ద్రవం లేత పసుపు రంగులో ఉండాలి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. రక్తంలో కొవ్వు నేనెప్పుడూ చూడనంత వచ్చింది. గబగబా రిపోర్టు రాసి పెద్ద డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఏదో పెద్ద జబ్బు పట్టుకున్నానని నాకు కాస్త గర్వంగా కూడా ఉంది.

ఆయన కాగితం చూసి, ఆవిడని పిలిచి, మెల్లగా అడిగారు. "అమ్మా, నిన్న రాత్రి నుంచి ఇప్పటిదాకా ఏమేం నోట్లో పెట్టుకున్నారు? మంచినీళ్ళతో సహా చెప్పండి."

ఆవిడ ఏమీ దాచకుండా చెప్పింది. రాత్రి సగ్గుబియ్యం పాయసం. పొద్దున్నే రెండు అరటిపళ్ళు, గ్లాసుడు గేదెపాలు, మీగడతో.

ఆవిడ వెళ్ళాక ఆయన నన్ను కూర్చోమన్నారు. "ఉపవాసం అంటే ఆవిడ లెక్కలో అన్నం తినకపోవడం. నీ లెక్కలో ఏమీ తినకపోవడం. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నువ్వు ప్రశ్న సరిగ్గా అడగలేదు," అన్నారు.

ఆయన కోపిష్టి. రోగుల ముందు కాంపౌండర్లని తిట్టేవారు, అది నాకు ఎప్పుడూ నచ్చలేదు. కానీ అడగడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ తర్వాత నేను ఎవరినీ "ఉపవాసమేనా" అని అడగలేదు. ఏమేం నోట్లో పెట్టుకున్నారనే అడిగాను.

నలభై రోజుల రిపోర్టు

జగ్గయ్యపేటలోనే కోటేశ్వరరావు గారని కిరాణా హోల్‌సేల్ వ్యాపారి ఉండేవారు. యాభై దాటిన మనిషి. పొద్దున గల్లాపెట్టె ముందు కూర్చుంటే రాత్రికే లేవడం. సాయంత్రం నాలుగింటికి బజ్జీలు, ఆరింటికి పునుగులు, మధ్యలో ఎవరైనా తెస్తే మిఠాయి. కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ. పెద్ద డాక్టరు గారు రోజూ ఒక బిళ్ళ రాశారు.

ఆయన కార్తీకంలో మాల వేసుకున్నారు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, చెప్పుల్లేని నడక, మధ్యాహ్నం ఒక పూట భోజనం, రాత్రి పళ్ళో ఇడ్లీయో. బజ్జీల ఊసే లేదు. మాల తీసిన వారానికి వచ్చి పరీక్ష చేయించుకున్నారు. అంకెలు చూసి నేను కూడా ఆశ్చర్యపోయాను. అంత బాగా తగ్గింది.

ఆయన కాగితం రెండు చేతులతో పట్టుకుని, "చూసారా అమ్మా, స్వామి దయ. ఇంక బిళ్ళ అక్కర్లేదుగా?" అన్నారు.

"రిపోర్టయితే చాలా బాగుందండి," అన్నాను.

అదే నేను అన్న మాట. బిళ్ళ మానెయ్యమని అనలేదు. మానొద్దనీ అనలేదు. డాక్టరు గారిని అడగండి అని ఒక్క ముక్క అనొచ్చు, అది కూడా అనలేదు. ఆయన సంతోషంగా ఉన్నారు, నాకూ ఆ సంతోషంలో ఉండాలనిపించింది. ఆ నలభై రోజులూ ఆయన ఆ బిళ్ళ మానలేదనీ, తగ్గినదాంట్లో దాని వాటా కూడా ఉందనీ నాకు తర్వాత తెలిసింది. నేను అడగలేదు.

ఎండాకాలంలో కొట్లోనే ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చింది. కారులో విజయవాడ తీసుకెళ్ళారు. రక్తనాళంలో అడ్డు తీసి స్టెంట్ వేశారు, బతికారు. బిళ్ళ మాల తీసిన నెల నుంచీ వేసుకోవడం లేదు. రిపోర్టుని మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చూపించేవారట.

పెద్ద డాక్టరు గారు అప్పుడన్న మాట నాకు గుర్తుంది. "ఆ నలభై రోజులూ ఆయన మంచిపనే చేశాడు. మిగతా మూడొందల పైచిలుకు రోజులకి కూడా ఆ నలభై రోజుల రిపోర్టే చూపించుకున్నాడు."

నేను చూసినంతలో చెబుతున్నాను, పుస్తకంలో ఉన్నదని కాదు. ఉపవాసాల తర్వాత కొలెస్ట్రాల్ కొందరికి తగ్గింది, కొందరికి అలాగే ఉంది, కొందరికి పెరిగింది కూడా. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీకి లారీ నడిపే ఒకాయన ఏటా రంజాన్ ఉపవాసాలయ్యాక వచ్చేవాడు. ఒక ఏడు తగ్గేది, ఒక ఏడు పెరిగేది. అడిగితే ఆయనే నవ్వి, "ఈ ఏడు ఇంటి దగ్గర లేనండి, రోడ్డు మీదే ఇఫ్తార్. సమోసాలే," అన్నాడు. పగలంతా ఏం మానేశారన్నది ఒక సగం. చీకటి పడ్డాక ఏం తిన్నారన్నది రెండో సగం. ఒక్క రోజు తీసిన రక్తం ఆ దగ్గర రోజుల సంగతే చెబుతుంది, ఏడాది సంగతి చెప్పదు.

అనసూయమ్మ గారు

నందిగామలో మా డాక్టరు నిర్మల గారు. కోపం లేదు, మాట తక్కువ. క్లినిక్ కింద ల్యాబు, పైన ఆవిడ గది. అక్కడికి ఏటా ఒకసారి చెవిటికల్లు నుంచి అనసూయమ్మ గారు వచ్చేది. రైతు కుటుంబం మనిషి, అరవై ఏళ్ళుంటాయి. కొడుకు శ్రీనివాసు మిరప, పత్తి వేస్తాడు. ఇంట్లో రెండు గేదెలు. పాలు పితకడం, తోడు పెట్టడం, చిలకడం అంతా ఆవిడే.

కోడలికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. విజయవాడలో అద్దాల పెట్టెలో నెల పైగా ఉంచారు. పిల్ల బతికితే కాశీ వస్తానని అనసూయమ్మ గారు మొక్కుకుంది. పిల్ల బతికింది. కాశీ వెళితే ఏదో ఒక ఇష్టమైనది వదిలేసి రావాలంటారు కదా. చాలామంది ఒక కాయో పండో వదిలేస్తారు, అదీ తమకు అంతగా ఇష్టం లేనిదే చూసి. ఈవిడ పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి వదిలేసింది. నీసు కూడా మానేసింది. వాటితో పాటు సోమవారం, శనివారం ఒక పూట భోజనం, ఏకాదశికి అదీ లేదు.

మా కృష్ణా జిల్లాలో పెరుగన్నం లేకుండా భోజనం అయినట్టు కాదు. ఆవిడ రోజూ గేదె పాలు పితికి, కవ్వం తిప్పి, అందరికీ పెరుగు వడ్డించి, తను చారుతో ముగించేది. "వదిలేదేదో కష్టమైందే వదలాలి అమ్మాయ్. లేకపోతే అది మొక్కేంటి?" అంది నాతో ఒకసారి.

ఆవిడ కొలెస్ట్రాల్ ప్రతి ఏడూ చక్కగా ఉండేది. కుర్రవాళ్ళకి కూడా అంత బాగుండదు. నేను ఆవిడ పేరు చెప్పకుండా ఆవిడ గురించి అందరికీ చెప్పేదాన్ని. కొలెస్ట్రాల్ ఎక్కువొచ్చి దిగులుపడేవాళ్ళతో, "చెవిటికల్లు నుంచి ఒకావిడ వస్తుందండి, నియమం అంటే ఆవిడదే," అనేదాన్ని. ఆవిడతోనూ, "అమ్మా, మీ రక్తం చూస్తే ముచ్చటేస్తుంది," అనేదాన్ని.

ఒక ల్యాబ్ టెక్నీషియన్ రోగితో అనకూడని మాట ఏదైనా ఉంటే అదే. రిపోర్టు ఇవ్వడం మన పని. మెచ్చుకోవడం మన పని కాదు. మెచ్చుకున్న దగ్గర్నుంచి మనం చూడటం మానేస్తాం.

కాగితం మీద ఒక అక్షరం

కాశీ వెళ్ళొచ్చిన ఏడో సంవత్సరమో ఎనిమిదో సంవత్సరమో, ఆవిడ ఎప్పటిలా పరీక్షకి వచ్చింది. ఈసారి కొడుకు తోడొచ్చాడు. పాదాల నుంచి మోకాళ్ళ దాకా తిమ్మిరంట. షుగరేమోనని వేరేచోట చూపించారు, లేదు. మోకాళ్ళ అరుగుదలన్నారు, నూనెలు రాశారు. ఊళ్ళో ఏఎన్ఎమ్ నర్సు ఇచ్చిన రక్తం బిళ్ళలు వాడుతూనే ఉంది.

ఆవిడ బయట బల్ల మీద కూర్చున్నప్పుడు శ్రీనివాసు లోపలికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"మేడమ్, అమ్మకి మతిమరుపు ఎక్కువైందండి. రెండుసార్లు గ్యాస్ తిప్పి అంటించడం మర్చిపోయింది. పిల్లని ఆవిడ దగ్గర వదలట్లేదండి. పాకలో కూడా పడింది మొన్న. వయసొచ్చేసింది అనుకుంటున్నాం."

"పాలు ఎవరు పితుకుతున్నారు?"

"మనిషిని పెట్టానండి. అమ్మని పాకలోకి రానివ్వట్లేదు."

నేను ఆవిడని లోపలికి రమ్మన్నాను. ఆవిడ బురద చేలో నడిచినట్టు కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ వచ్చింది. కింద చూసుకుంటూ నడుస్తోంది. గుమ్మం దగ్గర ఎడమకాలి చెప్పు ఊడిపోయింది. ఆవిడకి తెలియలేదు. ఒట్టి పాదంతో నాలుగడుగులు వేసి కుర్చీలో కూర్చుంది.

"అమ్మా, చెప్పు ఊడిపోయింది," అన్నాను.

ఆవిడ వంగి చూసుకుంది. "అవునా," అంది. అంతే.

రక్తం తీశాను. డాక్టరు గారు ఎప్పటిలాగే కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్, షుగర్ రాశారు. మెషిన్ కాగితం ఇచ్చింది. కొలెస్ట్రాల్ మళ్ళీ బ్రహ్మాండంగా ఉంది. కానీ నేను ఆ రోజు ఆ కాగితం పూర్తిగా చదివాను. అందులో ఎర్రకణాల సైజు అని ఒక వరస ఉంటుంది. మామూలుకంటే పెద్దవైతే ఆ అంకె పక్కన హెచ్ అని పడుతుంది. ఆ రోజు పడింది.

స్లైడు మీద ఒక చుక్క రక్తం పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. మెషిన్ వచ్చాక ఎవరూ అడగందే స్లైడు చెయ్యడం నేను మానేసి చాలా కాలమైంది. ఎర్రకణాలు పెద్దవిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. తెల్లకణాల మధ్య భాగం మూడు నాలుగు ముక్కలుగా ఉండాల్సింది ఆరేసి ముక్కలుగా ఉంది. చదువుకునే రోజుల్లో మాకు ఈ బొమ్మ చూపించి, దీనికి జవాబు రాయమని పరీక్షల్లో ఇచ్చేవారు. అప్పుడు బి12 విటమిన్ లోపం అని జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాను.

పాత రిపోర్టుల నకళ్ళు తీశాను. కిందటేడు హెచ్ ఉంది. అంతకు ముందేడు కూడా ఉంది. రెండు కాగితాల మీదా నా సంతకం ఉంది.

మూడు కాగితాలూ, స్లైడూ తీసుకుని పైకి వెళ్ళాను.

"మేడమ్, ఇది రెండేళ్ళ నుంచి వస్తోంది. నేను చెప్పలేదు," అన్నాను.

"ఎందుకు?"

"మీరు రాసిన పరీక్షల్లో అది లేదండి. హిమోగ్లోబిన్ కొంచెమే తక్కువ. కొలెస్ట్రాల్ బావుందని…"

నిర్మల గారు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. "ఈ కాగితాలు నా దగ్గరికీ వచ్చాయి విజయా. నేనూ కొలెస్ట్రాల్ చూసి పక్కన పెట్టా. నువ్వు చెప్పలేదు, నేను చదవలేదు. ఇద్దరం కలిసే చేసాం," అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నది కాదు. లెక్క తేల్చినట్టు అన్నారు.

బి12 పరీక్ష మా దగ్గర లేదు, రక్తం విజయవాడ పంపాం. ఉండాల్సిన దాంట్లో పిసరంత కూడా లేదని వచ్చింది.

ఇది ఉపవాసం తెచ్చిన జబ్బు అనడం సరికాదు. ఒక పూట తిన్నందుకు వచ్చింది కాదు. బి12 పాలల్లో, గుడ్లల్లో, చేపల్లో, మాంసంలో ఉంటుంది. ఆకుకూరలు ఎన్ని తిన్నా రాదు. ఒంట్లో నిలవున్నది కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది, అందుకే మొదటి ఏళ్ళలో ఏమీ తెలియదు. అయిపోయాక నరాలు దెబ్బతింటాయి, మతి మందగిస్తుంది. రక్తం బిళ్ళల్లో ఉండే ఫోలిక్ ఆసిడ్ రక్తాన్ని కొంత నిలబెట్టి, అసలు లోపాన్ని కప్పిపెడుతుంది. అనసూయమ్మ గారికి అన్నీ సరిగ్గా అలాగే జరిగాయి. నేను ముచ్చటపడిన కొలెస్ట్రాల్ అంకె, ఆవిడ కాళ్ళని దెబ్బతీసిన లోపం, రెండూ ఒకే కంచంలోంచి వచ్చాయి.

సూదిలో ఏముంది

మర్నాడు ఇద్దరినీ మళ్ళీ పిలిపించాం. డాక్టరు గారు జబ్బు సంగతి చెప్పగానే శ్రీనివాసు తల్లి వైపు తిరిగాడు.

"విన్నావుగా. ఇవాళ్టి నుంచి పెరుగు తినాల్సిందే. ఇంట్లో రెండు గేదెలు పెట్టుకుని ఈ ఖర్మేంటి? ప్రాణం ముఖ్యమా, మొక్కు ముఖ్యమా?"

అనసూయమ్మ గారు అంది. "ఆ మొక్కుతోనే ఆ పిల్ల ఉందిరా."

"పిల్లని డాక్టర్లు బతికించారమ్మా."

"డాక్టర్లూ బతికించారు. కాశీలో వదిలింది నేను ముట్టుకోను."

శ్రీనివాసు నా వైపు చూశాడు, నేను డాక్టరు గారి వైపు చూశాను. చాలామంది డాక్టర్లు ఇక్కడ మొక్కుతో పోట్లాటకి దిగుతారు. పెద్ద డాక్టరు గారైతే కేకలేసేవారు, ఆవిడ లేచి వెళ్ళిపోయేది. తర్వాత ఆకుపసర్ల దగ్గరికో ఇంకెక్కడికో వెళ్ళేది. ఆ లోపు కాళ్ళు పూర్తిగా పోయేవి.

నిర్మల గారు, "నేను మిమ్మల్ని పెరుగు తినమనలేదండి," అన్నారు. "ఇంజెక్షన్లున్నాయి. మొదట రోజు మార్చి రోజు, తర్వాత నెలకొకటి. ఎప్పటికీ చేయించుకోవాలి."

"ఆ సూదిలో పాలున్నాయా?" అంది అనసూయమ్మ గారు.

"లేవు."

"నీసు?"

"లేదండి. కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి కదా, వాటిని పెంచి తీస్తారు. పెరుగు తోడుకోవడానికి కూడా అలాంటివే కారణం, కానీ ఇందులో పెరుగు లేదు."

ఆవిడ దాని గురించి నిజంగానే ఆలోచించింది. తొందరపెట్టడానికి శ్రీనివాసు నోరు తెరిస్తే డాక్టరు గారు చెయ్యెత్తి ఆపారు.

"ఏకాదశి రోజు కూడా చేయించుకోవచ్చా?"

"మీ ఇష్టం. ముందు రోజైనా, మర్నాడైనా ఫరవాలేదు. మానడం మాత్రం కుదరదు."

"అయితే చెయ్యండి," అంది.

మొదటి ఇంజెక్షన్ నేనే చేశాను. నా ఉద్యోగం మొత్తంలో ఒక డాక్టరు ఒక నమ్మకంతో ఇంత బాగా మాట్లాడటం నేను ఇంకెప్పుడూ చూడలేదు. నమ్మకాన్ని పొగడలేదు, తీసిపారెయ్యలేదు. అది అడ్డురాని దారి ఒకటుందా అని వెతికారు. ఉంది. ప్రతిసారీ ఉండదు, నాకు తెలుసు. లేనప్పుడు ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎంత తిరిగొచ్చింది

రెండు నెలల్లో మతి తేటపడింది. గ్యాస్ పొయ్యి మళ్ళీ ఆవిడ చేతికే వచ్చింది. నాలుగో నెలలో మనవరాలిని వెంటబెట్టుకుని ఇద్దరే బస్సులో వచ్చారు. పిల్లకి అప్పటికి రెండో తరగతి. కిటికీ పక్క సీటు కోసం నానమ్మతో తగువాడిందట, వచ్చీ రాగానే నాతో అదే చెప్పింది.

కాళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు. తిమ్మిరి మోకాళ్ళ కిందికి దిగి, పాదాల దగ్గర ఆగిపోయింది. చీకట్లో నడవలేదు, చేతికర్ర ఉంటేనే గడప దాటుతుంది. పాకలోకి వెళుతుంది గాని పాలు పితకదు, పక్కన కూర్చుని మనిషికి చెబుతుంది. రెండేళ్ళ ముందు మొదలుపెట్టి ఉంటే ఎంత తిరిగొచ్చేదని నిర్మల గారిని అడిగాను. "ఎక్కువే వచ్చేది," అన్నారు.

ఆ తర్వాత నా పనిలో మూడు మార్పులు చేసుకున్నాను. హెచ్ గాని, తక్కువని ఎల్ గాని పడిన ప్రతి వరస కిందా, ఎవరూ అడగకపోయినా, ఎర్ర పెన్నుతో గీత గీసి పైకి పంపాను. ఏటేటా నియమాలు పాటించేవాళ్ళని, ఏం తింటున్నారనే కాకుండా, ఏం మానేశారు, ఎన్నేళ్ళయింది అని అడిగాను. ఎవరి రక్తాన్నీ మెచ్చుకోలేదు. ఆ గీతలు చూసి, క్లినిక్‌కి కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు ఒకరు విసుక్కున్నారు. "ప్రతి దానికీ గీతలు గీస్తే ఎలాగమ్మా" అన్నారు. గీస్తూనే ఉన్నాను.

ఒకటి మిగిలిపోయింది. ఆ రెండేళ్ళ సంగతి అనసూయమ్మ గారికి చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఊగాను. చెబితే గొడవవుతుందని తోటివాళ్ళన్నారు. నిర్మల గారిని అడిగితే, "నా పేరు కూడా కలిపి చెప్పు," అన్నారు.

ఏడాది పరీక్షకి ఆవిడ ఒక్కతే వచ్చిన రోజున చెప్పాను. పాత కాగితాలు రెండూ తీసి, ఆ అక్షరం మీద వేలు పెట్టి చూపించాను. ఇది అప్పుడే పడిందనీ, నేను చూసి కూడా ఊరుకున్నాననీ, డాక్టరు గారు కూడా పట్టించుకోలేదనీ చెప్పాను. మీ రక్తం చూస్తే ముచ్చటేస్తుందని మీతో అన్నది ఆ రోజుల్లోనే అని కూడా చెప్పాను.

ఆవిడ ఆ కాగితాలు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇంగ్లీషు రాదు, కాని ఆ అక్షరాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మడిచి నాకే ఇచ్చేసింది.

"అప్పుడు చెప్పినా నేను వినేదాన్ని కాదేమో అమ్మాయ్," అంది.

నేను ఊపిరి వదిలాను. ఆవిడ ఇంకా ముగించలేదు.

"అయినా నువ్వు చెప్పాల్సింది," అంది. అని, చీర చెంగు భుజం మీదికి సర్దుకుని, రక్తం తీసుకోమని చెయ్యి బల్ల మీద చాపింది.